శ్లోకం ఎత్తుకునే ముందు

దేవుడున్నాడా లేడా అన్న వాదన ఎక్కడ మొదలైనా కాసేపటికి ఎవరో ఒకరు "శాస్త్రంలోనే ఉంది కదండీ" అంటారు. ఆ మాట అనేది ఆస్తికులే కానక్కర్లేదు, మనుస్మృతిని శ్లోకం నంబర్లతో సహా బట్టీ పట్టిన నాస్తికులు నాకే ఇద్దరు ముగ్గురు తెలుసు.

మీరు ఏ పక్షమైనా ముందు ఒకటి తేల్చుకోండి, ఈ శ్లోకంతో దేన్ని రుజువు చేయాలనుకుంటున్నారు? "గీత ఇలా చెప్పింది" అనడానికి గీత సాక్ష్యమే. లోకం కూడా అలాగే ఉంది అనడానికి మాత్రం, గీతను నమ్మని మనిషి ముందు అది చెల్లదు. ఇది మన తార్కికులకు పాత గొడవే. న్యాయ దర్శనం వాళ్లైన నైయాయికులు శబ్దాన్ని, అంటే నమ్మదగినవాడి మాటను కూడా ప్రమాణంగా తీసుకున్నారు, దేవుణ్ణి నమ్మని చార్వాకులు ప్రత్యక్షం, అంటే నేరుగా కనిపించి తెలిసేది తప్ప ఇంకేదీ ఒప్పుకోలేదు. వేదం దేవుడి మాట కాబట్టి నిజం, వేదం చెప్పింది కాబట్టి దేవుడున్నాడు అంటే దాన్ని అన్యోన్యాశ్రయ దోషం, అంటే ఒకదానికొకటే ఆధారం కావడం అన్నారు. ఇద్దరు బాకీదారులు ఒకరికొకరు జామీను సంతకం పెట్టుకోవడం లాంటిదన్నమాట.

తర్వాత, ఆ మాట గ్రంథంలో ఎవరు ఎవరితో అన్నారో చూడండి. నేనొకసారి పెళ్లి భోజనాల దగ్గర "పరలోకం లేదని రామాయణంలోనే ఉంది" అని దంచేశాను. మా బాబాయి పెరుగన్నం కలుపుకుంటూ, "అన్నది రాముణ్ణి అయోధ్యకు తిరిగి రమ్మని వాదించిన జాబాలి. రాముడు ఏం జవాబిచ్చాడో కూడా చెప్పరా" అన్నారు. రాముడు ఆ వాదనను గట్టిగా ఖండించాడు, నేను అంతవరకు చదివితే కదా!

మనువుతోనూ ఇదే తంటా. ఒకాయన 3.56 (మూడో అధ్యాయం, 56వ శ్లోకం) తీసి "యత్ర నార్యస్తు పూజ్యంతే", స్త్రీలను పూజించే చోట దేవతలు సంతోషిస్తారు అంటాడు, రెండో ఆయన 9.3 తీసి "న స్త్రీ స్వాతంత్ర్యమర్హతి", స్త్రీ స్వాతంత్ర్యానికి తగదు అంటాడు. రెండూ ఆ పుస్తకంలోవే. ఒకటి చెప్పి రెండోది దాచకండి, అవతలివాడి దగ్గర కూడా అదే పుస్తకం ఉంటుంది.

ఇక సైన్స్ లెక్కలు. హనుమాన్ చాలీసాలో హనుమంతుడు పండనుకుని మింగిన సూర్యుడు "జుగ సహస్ర జోజన" దూరంలో ఉన్నాడని ఉంది కదా, యుగం 12,000, సహస్రం 1,000, యోజనం 8 మైళ్లు, గుణిస్తే 9.6 కోట్ల మైళ్లు, సూర్యుడి దూరం దాదాపు అంతే అని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. కానీ 12,000 అనేది దివ్య సంవత్సరాల (దేవతల సంవత్సరాల) లెక్క, అంటే కాలం. దాన్ని దూరంతో ఎందుకు గుణించాలి? పైగా మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం సూర్యుడి కక్ష్య చుట్టుకొలతే 43,31,500 యోజనాలంది, అంటే దూరం ఏడు లక్షల లోపు. ఈ చాలీసా లెక్కకు కోటీ ఇరవై లక్షల యోజనాలు వస్తుంది. సమాధానం ముందే తెలిసి గుణించేవాడికి ఏ పద్యంలోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది. భక్తితో పాడుకునేవాళ్లకు ఈ గుణకారంతో అసలు పనే లేదు.

నాస్తికులకు ఒక మాట. గ్రంథంలో పరస్పర విరుద్ధాలు చూపిస్తే "ఇందులో ఒక్క తప్పూ లేదు" అనేవాడి నోరు మూతపడవచ్చు, దేవుడు లేడని మాత్రం దాంతో తేలదు. అది వేరే వాదన, దానికి వేరే సరుకు తెచ్చుకోవాలి.

అనువాదం ఎవరిదో కూడా చూసుకోండి. మూలం దగ్గర లేకపోతే "ఇంటికెళ్లి చూసి చెప్తాను" అనేయండి. ఆ పెళ్లిలో నేను అదే అనుండాల్సింది.