శిశువు బరువు చదవడం – 3వ పాఠం: వారాలకు తగ్గ బరువేనా?

గర్భం వారాలు లెక్కగట్టడం పోయిన పాఠంలో అయిపోయింది. ఆ లెక్క ఇప్పుడు పనికొస్తుంది.

పుట్టినప్పుడు 2,500 గ్రాములకన్నా తక్కువుంటే 'తక్కువ బరువు' అంటారు. అందులో వారాల ప్రసక్తే లేదు. ఈ పాఠంలోది వేరే కొలత. మగబిడ్డనైతే మగబిడ్డలతో, ఆడబిడ్డనైతే ఆడబిడ్డలతో, అన్నే వారాలకు పుట్టినవాళ్లతోనే పోల్చాలి. వందమందిని బరువును బట్టి వరసగా పెడితే అట్టడుగు పదిమందిలో పడే బిడ్డ, అంటే 10వ పర్సంటైల్‌కు దిగువనున్న బిడ్డ, వారాలకు తగ్గ బరువు లేనట్టు. 3వ పర్సంటైల్ కూడా దాటకపోతే తీవ్రంగా తీసుకుంటారు.

34 వారాలకే పుట్టిన 2,100 గ్రాముల బిడ్డను చూడండి. బరువు తక్కువే, కానీ ఆ వారాలకు సరిపడా ఉంది. 40 వారాలు నిండి 2,600 గ్రాములున్న బిడ్డ మొదటి కొలతలో పాసైపోతుంది, రెండోదాంట్లో చిక్కుతుంది. నా ఉద్దేశంలో ఎక్కువ జాగ్రత్తగా చూడాల్సింది ఇలాంటి బిడ్డనే, ఎందుకంటే చూపు తప్పించుకునేది తనే.

చార్టులో కింద ఉన్నంత మాత్రాన జబ్బని కాదు. తల్లిదండ్రులు చిన్న ఒడ్డూ పొడుగూ మనుషులైతే బిడ్డా అలాగే ఉండొచ్చు. అసలు చిక్కు, కడుపులో ఎదుగుదల కుంటుపడినప్పుడు. మాయ సరిగా పనిచేయకపోవడం, తల్లికి బీపీ, పోషకాహార లోపం, పొగతాగడం, ఇన్ఫెక్షన్లు, జన్యులోపాలు ఇందుకు కారణాలు కావచ్చు.

అలాంటి బిడ్డకు కాలేయంలో గ్లైకోజెన్ (ఒంట్లో దాచుకునే చక్కెర) నిల్వ తక్కువ. అందుకే పుట్టిన కొన్ని గంటల్లోనే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. పైకి ఏమీ కనిపించకపోవచ్చు కూడా, కాబట్టి పరీక్ష చేసే చూడాలి. చర్మం కింద కొవ్వు పలచన కనక ఒళ్లు తొందరగా చల్లబడుతుంది. చల్లబడ్డ ఒంటిని వేడెక్కించుకోడానికి ఉన్న కాస్త చక్కెరా ఖర్చవుతుంది. అంటే ఈ రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టడం, ఆలస్యం చేయకుండా పాలు పట్టడం ఈ రెండింటికీ పనికొస్తాయి. కడుపులో ఆక్సిజన్ చాలక ఎర్రకణాలు పెరిగి రక్తం చిక్కబడటం, కాన్పు సమయంలో ఊపిరాడకపోవడం మిగతా ప్రమాదాలు.

ఎక్కువమంది రెండేళ్లలోపు ఎత్తులో తోటివాళ్లను అందుకుంటారు. పెద్దయ్యాక బీపీ, మధుమేహం, గుండెజబ్బుల అవకాశం కొంత ఎక్కువ, అంతేగానీ తప్పవని కాదు.

అభ్యాసం: 39 వారాలు, 2,300 గ్రాములు. ఈ బిడ్డకు రెండు కొలతలూ వేసి చూడండి. తల చుట్టుకొలత వచ్చే పాఠంలో.