చీపురు పుల్లలతో పదులు, ఒకట్లు: ఒకటో తరగతిలో 99 దాకా ఎలా నేర్పాలి?

ఒకటో తరగతి పిల్లల్ని "ఇరవై మూడు రాయండి" అంటే కొందరి పలకల మీద 203 కనిపిస్తుంది. దాన్ని చెరిపి 23 రాయిస్తే ఆ పూటకు సరిపోతుంది. మర్నాడు ముప్పై ఐదు 305 అవుతుంది. ఇది పరాకు వల్ల వచ్చే తప్పు కాదు. ఇరవై అంటే 20, మూడు అంటే 3, రెండూ వరసగా వినపడ్డాయి కాబట్టి వరసగా రాశారు. ఆ 2 అంటే రెండు పదులని వాళ్లకు ఇంకా తెలియదు.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పేందుకు కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల ప్రకారం ఒకటో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలు 99 వరకు సంఖ్యలు చదవాలి, రాయాలి. వల్లె వేయిస్తే వంద దాకా నోటికి వస్తుంది, కానీ పదులు అర్థం కావు. పుల్లలు కట్టలు కట్టిస్తే అర్థమవుతాయి. రోజుకు ఒక పీరియడ్ చొప్పున మూడు వారాలు కేటాయించండి.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

తరగతిలో 30 మంది ఉంటే ఇద్దరేసి చొప్పున 15 జట్లు. జట్టుకు 60 పుల్లలు, 6 చిన్న రబ్బరు బ్యాండ్లు. మీ దగ్గర 100 పుల్లలు, 10 బ్యాండ్లు. మొత్తం 1000 పుల్లలు, 100 బ్యాండ్లు.

కొబ్బరి చీపురు ఈనెలు అన్నిటికన్నా మేలు. మొదలు వైపు నుంచి 10 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించండి. ఒక్కో ఈనెకు ఐదు ముక్కలు వచ్చినా 200 ఈనెలు సరిపోతాయి. సన్నటి కొస పారేయండి, అది విరుగుతుంది, వేలికి గుచ్చుకుంటుంది. పచ్చి ఈనెలైతే బూజు పడతాయి, రెండు రోజులు ఎండబెట్టి కత్తిరించండి.

చింతపిక్కలు, చిక్కుడు గింజలు లెక్కపెట్టడానికి బాగుంటాయి, ఈ పాఠానికి మాత్రం చాలవు. పది గింజలు కవరులో వేస్తే పది కనబడదు, బయట పెడితే ఒక్కటిగా ఉండదు. పుల్లల కట్టలో పదీ కనబడతాయి, కట్ట మాత్రం ఒక్కటే. పైగా ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పొచ్చు.

జట్టుకొక పాత క్యాలెండరు కాగితం తీసుకుని, వెనకవైపు నిలువుగా నడుమ గీత గీయండి. ఎడమ గడిలో పైన కట్ట బొమ్మ, కుడి గడిలో ఒంటి పుల్ల బొమ్మ వేయండి. "పదులు, ఒకట్లు" అన్న మాటలు తర్వాత రాయొచ్చు.

1. లెక్కపెట్టడం వచ్చో రాదో చూడండి

ఒక్కొక్కరి ముందు 15 పుల్లలు పోసి లెక్కపెట్టమనండి. కొందరు ఒకే పుల్లను రెండుసార్లు ముట్టుకుంటారు, కొందరి నోరు వేలికన్నా ముందు పరుగెడుతుంది. అలాంటివాళ్లకు లెక్కపెట్టిన పుల్లను పక్కకు జరపడం అలవాటు చేయండి. ఇది రాకుండా కట్టల్లోకి వెళ్తే కట్టకు తొమ్మిదో పదకొండో పడతాయి, అక్కడినుంచి ఏ లెక్కా కుదరదు.

2. కట్ట కట్టించండి

జట్టుకు 34 పుల్లలు ఇచ్చి ఎన్నో చెప్పమనండి. మధ్యలో ఎవరో పలకరిస్తారు, లెక్క తప్పుతుంది, మళ్లీ మొదటికొస్తారు. రెండుసార్లు అలా కానివ్వండి. అప్పుడు "పది కాగానే కట్ట కడదాం" అంటే ఎందుకో వాళ్లకే తెలుస్తుంది. కట్టలు మీరే కట్టి తెచ్చి ఇస్తే సమయం కలిసొస్తుంది కానీ పాఠం పోతుంది. రబ్బరు బ్యాండు రెండు చుట్లు ఎలా వేయాలో నెమ్మదిగా చూపించండి, ఆరేళ్ల వేళ్లకు అది కష్టమే. ఒకరు పుల్లలు పట్టుకుంటే ఇంకొకరు బ్యాండు వేయాలి. తర్వాత పక్క జట్టుతో కట్టలు మార్చుకుని సరిచూసుకోవాలి.

పుల్ల కాగితం మీదే ఉండాలి, నోట్లోకీ చెవిలోకీ వెళ్లకూడదు, బ్యాండు ఎవరిమీదా వదలకూడదు. ఈ మాట మొదటి రోజే గట్టిగా చెప్పండి.

కట్టలు ఎడమ గడిలో, విడి పుల్లలు కుడి గడిలో పెట్టించండి. పిల్లల ఎదురుగా కూర్చుంటే మీ ఎడమ వాళ్లకు కుడి అవుతుంది, కాబట్టి వాళ్ల పక్కన కూర్చుని చూపించండి.

3. రెండు పేర్లు పలికించండి

ప్రతి సంఖ్యకూ ముందు కట్టల పేరు, తర్వాత అసలు పేరు చెప్పించండి. "రెండు పదులు మూడు, ఇరవై మూడు." "నాలుగు పదులు ఏడు, నలభై ఏడు." ఇరవై, ముప్పై అన్న మాటల్లో రెండు, మూడు పిల్లల చెవికి వినిపించవు. కట్టల పేరు వాటిని వినిపిస్తుంది.

పదకొండు నుంచి పంతొమ్మిది వరకు ఇంకా చిక్కు. పదమూడులో పద, మూడు స్పష్టంగా ఉన్నాయి. పన్నెండు, పంతొమ్మిది అలా విడదీయడానికి లొంగవు. అందుకే 21 నుంచి 49 వరకు నాలుగైదు రోజులు ఆడించి, ఆ తర్వాత 11–19కి రండి. పుస్తకంలో వరస వేరుగా ఉన్నా ఇదే సులువు.

ఇంగ్లీషు మాధ్యమంలో మరో ఇబ్బంది ఉంది. ఫోర్టీన్‌లో ముందు ఫోర్ వినిపిస్తుంది, అందుకే కొందరు 41 రాస్తారు. పద్నాలుగులో పదే ముందు. కట్ట చూపించి ముందు తెలుగు పేరు, ఆపైన ఇంగ్లీషు పేరు పలికించండి.

4. అంకెలు రాయించడం

203ను మాన్పించేవి కార్డులే. పాత శుభలేఖల అట్టలతో 10, 20 నుంచి 90 వరకు తొమ్మిది కార్డులు చేయండి, ఒక్కోటి 12 సెంటీమీటర్ల వెడల్పు, 8 ఎత్తు. ఎడమ సగంలో పదుల అంకె, కుడి సగంలో సున్నా ఉండాలి. 1 నుంచి 9 వరకు ఇంకో తొమ్మిది, ఎత్తు అంతే, వెడల్పు 6. రెండు కట్టలు, మూడు పుల్లలు పెట్టించి 20 కార్డు తీయమనండి. దాని సున్నా మీద 3 కార్డు పెడితే 23. కార్డు ఎత్తితే అడుగున సున్నా అలాగే ఉంటుంది. పిల్లలు దాన్ని పదేపదే ఎత్తి చూస్తారు, చూడనివ్వండి.

కుడి గడి ఖాళీగా ఉన్న సంఖ్యలు కూడా కలపండి. మూడు కట్టలే ఉంటే ఉత్త 3 రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్ల ముందు మూడు పుల్లలు పెట్టి, రెండూ ఒకటేనా అని అడగండి.

5. అష్టాచెమ్మా పిక్కలతో ఆట

జట్టుకు రెండు చింతపిక్కలు చీల్చి, నాలుగు బద్దల లోపలి వైపు తెల్లగా వచ్చేలా అరగదీయండి. ఎన్ని తెల్లగా పడితే అన్ని పుల్లలు. నాలుగూ తెలుపైతే చెమ్మా, 4. నాలుగూ నలుపైతే అష్టా, 8. పది కాగానే కట్ట కట్టాలి. ముందు రెండు కట్టలు కట్టినవాళ్లు గెలిచినట్టు. ఇద్దరికీ కలిపి 60 పుల్లలు చాలు.

తర్వాత తిరగేసి ఆడించండి. ఒక్కొక్కరి దగ్గర రెండు కట్టలు, ఐదు పుల్లలు. పడినన్ని డబ్బాలోకి తిరిగివ్వాలి. అష్టా పడితే ఐదు చాలవు, కట్ట విప్పాలి. కొందరు బ్యాండు తీయకుండానే మూడు పుల్లలు లాగుతారు. అప్పుడు ఏడు పుల్లలదీ కట్టే అనిపిస్తుంది. విప్పితే బ్యాండు కూడా డబ్బాలోకే అని నియమం పెట్టండి. రెండో తరగతిలో అప్పు తెచ్చి తీసివేయడానికి ఈ విప్పడమే పునాది.

6. వచ్చిందో లేదో చూడటం

రోజుకు ఐదుగురి చొప్పున ఆరు రోజుల్లో 30 మందినీ చూడొచ్చు. కట్టలు, విడి పుల్లలు ముందుంచి 34 తీయమనండి. మూడు కట్టలు తీస్తున్నారా, ఒక్కో పుల్లా లెక్కపెడుతున్నారా గమనించండి. తర్వాత 34 రాసి, 3 మీద వేలు పెట్టి "దీనికి ఎన్ని పుల్లలు?" అని అడగండి. మూడు పుల్లలు తీసి చూపిస్తే అంకె రాయడం వచ్చింది, విలువ రాలేదు. ఆ పిల్లల్ని కార్డులు పక్కనపెట్టి మళ్లీ రెండు పేర్ల దగ్గరికి తీసుకెళ్లండి.