చెత్త పుట్టిన చోటే వేరు చేయండి

విశాఖపట్నంలో ఒక చిన్న ఆసుపత్రిలో హెడ్ నర్సుగా పనిచేస్తున్నాను. ఆసుపత్రి వల్ల పర్యావరణానికి జరిగే హాని తగ్గించాలంటే మేడ మీదికి సోలార్ పలకలు వచ్చేదాకా ఆగనక్కరలేదు. ముందు చెత్త కలవకుండా చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం మామూలు చెత్తే: మందుల అట్టపెట్టెలు, సిరంజి రేపర్లు, రోగి తిన్న ఇడ్లీ పొట్లాలు. నెత్తురంటిన దూది అందులో పడిందంటే సంచి మొత్తం ప్రమాదకరమైనదే.

బుట్టలు వార్డు చివర పెట్టకండి. చేతినిండా పని ఉన్న సిస్టర్ అందిన బుట్టలోనే వేస్తుంది, ఆమెను తప్పుపట్టలేం. డ్రెస్సింగ్ ట్రాలీకే తగిలించండి.

ఒక ఇంజెక్షన్ తీసుకోండి. రేపరు మామూలు చెత్తలోకి. సూదికి మళ్లీ మూత పెట్టకుండా నీడిల్ కట్టర్‌లో తెంపాలి. సూది తెల్ల డబ్బాలోకి, సిరంజి ఎర్ర సంచిలోకి, గాజు సీసా నీలం డబ్బాలోకి, నెత్తురంటిన దూది పసుపు సంచిలోకి. ఎర్ర సంచిలోవి ఆవిరితో శుద్ధి చేసి, ముక్కలు చేసి, రీసైక్లింగ్‌కు పంపుతారు. పసుపు సంచిలోవి ఎక్కువగా కాల్చేస్తారు. అందుకే సెలైన్ గొట్టాలు పసుపు సంచిలో పడకూడదని ఇంత పట్టుబడతాను. వాటిలో చాలావరకు పీవీసీ అనే ప్లాస్టిక్. అది కాలితే డయాక్సిన్లనే విషపదార్థాలు పుడతాయి, ఆ గాలి పీల్చేది మన ఊరివాళ్లే.

ఆసుపత్రి వ్యర్థాలపై 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం నెత్తురంటిన దూది లాంటి వ్యర్థాలను శుద్ధి చేయకుండా 48 గంటలకు మించి ఉంచకూడదు. మన సముద్రపు ఉక్కలో అంతసేపు కూడా వద్దు, రోజూ పంపేయండి. మామూలు చెత్తను తడి, పొడిగా విడదీసి ఇస్తే నగరపు చెత్త చేరే కాపులుప్పాడ యార్డుకు ఆ మేరకు బరువు తగ్గుతుంది.

అసలు చెత్తే తగ్గించే దారీ ఉంది. బీపీ చూడటానికి, మాత్ర ఇవ్వడానికి సాధారణంగా గ్లోవ్స్ అక్కరలేదు. చేతులు శుభ్రం చేసుకుంటే చాలు.

ఆపరేషన్ థియేటర్ సంగతి మత్తు డాక్టరుగారితో మాట్లాడండి. మత్తుకు వాడే నైట్రస్ ఆక్సైడ్ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అది రోగికి చేరేలోపే పైపుల్లో చాలా కారిపోతుంది. వాడకం తక్కువైతే పైపులైను మూసి, మెషిన్ దగ్గరే చిన్న సిలిండర్ పెట్టుకోవచ్చు.

ప్రతి షిఫ్టు చివర పసుపు సంచుల బరువు బోర్డు మీద రాయండి. హఠాత్తుగా పెరిగితే సంచి విప్పి చేత్తో వెతకకండి. ఆయమ్మను అడగండి, ఏ గదిలో కలుపుతున్నారో ఆమెకే ముందు తెలుస్తుంది.