వాంకూవర్‌లో తాటి మొక్క నాటాలనుకుంటే ముందు ఇవి చూసుకోండి

నల్గొండ, పాలమూరు వైపు నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్లకు సూట్‌కేసులో నాలుగు తాటి టెంకలు పెట్టుకోవాలనిపిస్తుంది. దయచేసి ఆగండి. కెనడాలోకి విత్తనాలు, మొక్కలు తీసుకెళ్లాలంటే నిబంధనలు ఉంటాయి. చెప్పకుండా తీసుకెళ్తే ఎయిర్‌పోర్టులో టెన్షన్ తప్పదు.

అయినా మన తాటి అక్కడ బయట బతకదు. ఇక్కడ రాత్రి 10 డిగ్రీలకు దిగితేనే వణికిపోతాం, అక్కడ గట్టి చలి పడితే మైనస్ 10 కూడా చూస్తారు. కుండీలోనూ కష్టమే, గేగు ముందు లోతుగా కిందికి దిగుతుంది.

అక్కడి నర్సరీలో విండ్‌మిల్ పామ్ అనే తాటి జాతి చెట్టు అడగండి. బాగా వేళ్లూనితే మైనస్ 12 దాకా ఓర్చుకుంటుంది. ఇంగ్లిష్ బే బీచ్ దగ్గర బయటే పెరుగుతోంది.

నాటే ముందు:

- ఏప్రిల్, మే నెలల్లోనే నాటండి. చలిలోపు వేళ్లు పట్టాలి.
- నీళ్లు నిలవని చోటు చూడండి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. అక్కడ వానలు ఎక్కువగా చలికాలంలోనే. మొవ్వులో నీళ్లు చేరి గడ్డకడితే కుళ్లిపోతుంది. ఈ చెట్టుకు మొవ్వు ఒక్కటే, అది పోతే పక్క నుంచి కొమ్మ రాదు.
- చలిగాలి తగలని గోడ పక్కన అయితే మేలు.
- చలి హెచ్చరిక వస్తే ఆకులు పైకి కట్టి, గాలాడే బట్ట చుట్టండి. ప్లాస్టిక్ వద్దు. చలి తగ్గగానే విప్పేయండి.
- ఆకులు మాడినా తొందరపడి కోయొద్దు, కొత్త మొవ్వాకు వస్తుందేమో ఎండాకాలం దాకా చూడండి.