డ్రింక్‌లో ఏదో కలిపారని డౌట్ వస్తే ఏం చెయ్యాలి

గ్లాస్ జాగ్రత్త అని అందరూ చెప్తారు, నేనూ ఒక్క ముక్కలో చెప్పేస్తా: సీల్ మీ ముందే తీయించుకోండి, డాన్స్‌కెళ్లి వచ్చాక టేబుల్ మీద వదిలేసిన గ్లాస్ మళ్లీ ముట్టుకోకండి, డబ్బులు పోతే పోయాయి. రుచి చూసి కనిపెడదామంటే కుదరదు. జీహెచ్‌బీ (ఇలా కలిపే ఒక మత్తు మందు) కాస్త ఉప్పగా ఉంటుందంటారు గానీ నిమ్మకాయ సోడాలో కలిస్తే ఎవరికి తెలుస్తుంది! అసలు ఎక్కువగా వాడేది ఆల్కహాలే, జ్యూస్‌లో చెప్పకుండా వోడ్కా పొయ్యడం, సింగిల్ అడిగితే డబుల్ పొయ్యడం, అదీ స్పైకింగే (చెప్పకుండా డ్రింక్‌లో కలపడమే). పోసేవాడు చాలాసార్లు తెలిసినవాడే ఉంటాడు.

ఒక్క పెగ్గుకే మాట ముద్దముద్దగా వస్తోందా, కాళ్లు నిలవట్లేదా, అక్కడ పక్కనున్న ఫ్రెండ్ పని మొదలవుతుంది. "నేను డ్రాప్ చేస్తాలే" అని ముందుకొచ్చినవాడికి అప్పగించొద్దు, క్యాబ్‌లో ఒక్కదాన్నే ఎక్కించొద్దు. మజ్జిగ, నిమ్మరసం పట్టించి వాంతి చేయించడం మన దగ్గర అలవాటు కదా, అది అస్సలు వద్దు, మత్తులో ఉన్న మనిషికి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి, పిలిస్తే పలక్కపోయినా ఊపిరి నెమ్మదించినా 108కి కొట్టండి.

ఇక ఎవరూ చెప్పని సంగతి. పొద్దున లేచాక రాత్రి సగం గుర్తులేదు, ఒంట్లో ఏదో తేడాగా ఉంది, లైంగిక దాడి జరిగిందేమో అనిపిస్తే మొదట చేసే పని స్నానం, అదే చెయ్యకూడదు. బాత్రూమ్‌కి వెళ్లకుండా ఉండలేకపోతే మొదటిసారి వచ్చిన యూరిన్‌ని శుభ్రమైన మూతున్న సీసాలో పట్టి, టైమ్ రాసి ఫ్రిజ్‌లో పెట్టండి, వింతగా ఉన్నా సరే, ఎందుకంటే జీహెచ్‌బీ యూరిన్‌లో దాదాపు 12 గంటలే దొరుకుతుంది, రక్తంలో అయితే ఇంకా తక్కువ. మిగతా మత్తు మందులు కొన్ని రోజులు ఉండొచ్చు కాబట్టి లేటైంది కదా అని ఆగిపోవద్దు. బట్టలు ఉతక్కుండా పేపర్ కవర్‌లో పెట్టండి, ప్లాస్టిక్‌లో వద్దు, తేమకి పాడైపోతాయి.

హాస్పిటల్‌కి ముందు వెళ్లొచ్చు, పోలీస్ కంప్లైంట్ ఉంటేనే చూస్తాం అంటే అది తప్పు, గవర్నమెంట్ అయినా ప్రైవేట్ అయినా లైంగిక దాడి బాధితులకి వెంటనే ఫ్రీగా ట్రీట్‌మెంట్ ఇవ్వాలని బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 397 చెప్తోంది. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు 72 గంటల్లోపే మొదలెట్టాలి, ఎంత తొందరైతే అంత మంచిది, గర్భం రాకుండా వేసుకునే మాత్రా అంతే. యూరిన్, రక్తం టాక్సికాలజీకి (మత్తు మందులు ఉన్నాయా అని చూసే టెస్ట్‌కి) పంపమని నోరు తెరిచి అడగండి, అడక్కపోతే వదిలేసే చోట్లు ఉన్నాయి. టూ ఫింగర్ టెస్ట్ (యోనిలో వేళ్లు పెట్టి చూసే పాత పరీక్ష) అంటే ఒప్పుకోవద్దు, 2022లో సుప్రీంకోర్టు గట్టిగా వద్దంది.

కంప్లైంట్‌కి ఏ స్టేషన్ పరిధి అన్న గొడవే లేదు, జీరో ఎఫ్ఐఆర్ ఎక్కడైనా రాయాలి. నేరం చెయ్యడానికి మత్తు మందు ఇవ్వడమే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 123 కింద పదేళ్ల దాకా పడే కేసు. నువ్వు తాగావు కదా అని ఎవరైనా సాగదీస్తే వినకండి, మత్తులో ఏం జరుగుతోందో తెలియని స్థితిలో చెప్పిన "సరే" చట్టం దృష్టిలో ఒప్పుకోలు కాదు. ఒంటరిగా వెళ్లలేకపోతే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చెయ్యండి, సఖి సెంటర్ (బాధిత మహిళలకి సాయం చేసే గవర్నమెంట్ సెంటర్) వాళ్లు దారి చూపిస్తారు. హైదరాబాద్‌లో అయితే ఇలాంటి సాయానికే పోలీసుల భరోసా సెంటర్ ఉంది.

వెళ్లేటప్పుడు ఇంకో జత బట్టలు సంచిలో పెట్టుకోండి, ఒంటి మీదవి అక్కడే ఇచ్చెయ్యాల్సి రావచ్చు.