చలికాలంలో ఇల్లు అమ్ముడుపోక, చివరికి ఏం చేశామంటే

నెల రోజుల్లో చాలామంది వచ్చి చూశారు, ఒక్కరూ మళ్లీ ఫోన్ చేయలేదు. ధర తగ్గించేద్దామా అని టెన్షన్ పట్టుకుంది. ఒక సాయంత్రం కొనడానికి వచ్చినవాడిలా నేనే బయటి నుంచి తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను. హాలంతా మసక చీకటి, ముక్కుకు తగిలే చెమ్మ వాసన. పడగ్గది కిటికీ అద్దం నిండా నీటిబొట్లు, కింద చెక్క మూలన వేలెడంత నల్లటి బూజు. రోజూ చూస్తున్నా మాకు అలవాటైపోయింది.

చలికని అన్నీ బిగించుకుని బట్టలు లోపలే ఆరేస్తున్నాం. ఆ తేమ చల్లటి అద్దానికి తగిలి నీరవుతోంది. బట్టలు లోపల ఆరేయడం మానేశాం. స్నానం, వంట అయ్యేదాకా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేశాం. రోజుకు రెండుసార్లు ఎదురెదురు కిటికీలు పది నిమిషాలు తెరిచాం. గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్‌లో అది 70 శాతం నుంచి 50కి దిగాక అద్దాలు పొడిబారాయి. బూజు తుడిచి రంగు వేశాం, వచ్చినవాళ్లకు ఆ సంగతి దాచకుండా చెప్పాం. దాచి అమ్మడం నాకు మనసొప్పలేదు.

ఇక చూడ్డానికి 11 నుంచి 2 గంటల మధ్యే రమ్మన్నాం, కర్టెన్లన్నీ తీసేసి. చెట్లు మోడుబారి ఉన్నాయి కాబట్టి తోట వేసవి ఫోటోలు, ఎప్పుడు తీసినవో రాసి, టేబుల్ మీద పెట్టాం. మూడో వారంలో వచ్చిన జంట ఆ పడగ్గది కిటికీ దగ్గరే ఎండలో చాలాసేపు నిలబడ్డారు. ధర తగ్గించకుండానే వాళ్లకే అమ్మాం.