ప్రభువు బల్లకు ముందు అసూయను పరీక్షించుకోవడం ఎలా?

ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ప్రభురాత్రి భోజనంలో చేయి వేసే ముందు ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకొనవలెనని కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో పౌలు ఆజ్ఞాపించాడు. ఆ పరీక్షలో తాగుడు, అబద్ధం, కోపం వంటివి వెంటనే దొరుకుతాయి గాని, అసూయను మాత్రం చాలామంది విశ్వాసులు చూసీ చూడనట్టు దాటిపోతారు. ఒకవేళ పట్టుకున్నా, ఆ తరువాత చేయవలసిన పనిని తారుమారు చేసి, సంఘంలో ఉన్న కాస్త సమాధానాన్ని కూడా పోగొడతారు. స్త్రీల కూడికలలోనూ యౌవనస్థుల కూడికలలోనూ ఈ పాఠం పదేపదే చెప్పవలసి వచ్చినందువల్ల, సరైన పద్ధతిని ఇక్కడ వరుసగా వ్రాస్తున్నాను.

కావలసినవి బైబిలు, ఒక చిన్న కాగితం, పెన్సిలు, తలుపు వేసుకోగల గది. ఫోనులోని బైబిలు దీనికి పనికిరాదు, ఎందుకంటే మన కడుపు మండించిన ఫొటోలు కూడా ఆ ఫోనులోనే ఉంటాయి. ఈ పనిని శనివారం సాయంత్రమే చేయాలి. ఆదివారం ఉదయం బట్టల ఇస్త్రీకీ పిల్లల స్నానాలకూ మధ్య చేసే పరీక్ష పరీక్ష కాదు.

మొదట వాక్యం చదవాలి. ఆదికాండము 4వ అధ్యాయంలో కయీను, 26వ అధ్యాయంలో ఇస్సాకు బావులు, మొదటి సమూయేలు 18వ అధ్యాయంలో సౌలు, మత్తయి 27వ అధ్యాయం 18వ వచనం చాలు. చదివేటప్పుడు అసూయ ఎంత త్వరగా చేతుల్లోకి దిగుతుందో గమనించాలి. దావీదును తనకంటే ఎక్కువగా పొగుడుతూ స్త్రీలు పాడిన ఒక్క పాట విని అతని మీద విషపు చూపు నిలిపిన సౌలు రాజు, మరునాడే ఈటె విసిరాడు. ఇస్సాకు మంద పెరిగినందుకు ఓర్వలేని ఫిలిష్తీయులు అబ్రాహాము దినములలో తవ్విన బావులను మన్నుతో పూడ్చివేశారు. ఎండిన ఆ దేశంలో వారి పశువులకు కూడా పనికివచ్చే నీరు అది. ప్రధానయాజకులు యేసును అసూయచేతనే అప్పగించారని అన్యుడైన రోమా అధిపతి పిలాతు కూడా కనిపెట్టాడు. కనుక దీనిని చిన్న పాపమని ఎవరైనా అంటే, వారు సువార్తలోని శ్రమల చరిత్రను సరిగా చదవలేదని నేను నిస్సంకోచంగా చెబుతాను.

తరువాత కాగితం మీద ఒక పేరు వ్రాయాలి. ‘నాలో అసూయ ఉన్నది ప్రభువా’ అని గుండుగుత్తగా ప్రార్థించడం వల్ల ప్రయోజనం లేదు. దేశంలోకెల్లా ధనవంతుణ్ణి తలచుకొని నిద్ర పోగొట్టుకునేవారు ఉండరు. తోడికోడలి కొత్త ఇల్లు, తనతో పాటు గాయక బృందంలో చేరిన స్నేహితురాలికి దొరికిన అవకాశం, పక్క బెంచీలో కూర్చునేవారి అబ్బాయికి వచ్చిన అమెరికా వీసా మనల్ని కుదిపివేస్తాయి. కయీనుకు తమ్ముడు, రాహేలుకు అక్క, యోసేపు అన్నలకు సొంత తోబుట్టువే కంటగింపు అయ్యారు. పేరు తట్టకపోతే, ఇటీవల ఎవరికి నష్టం వచ్చిందని విన్నప్పుడు లోపల చల్లగా అనిపించిందో గుర్తు తెచ్చుకుంటే సరిపోతుంది. అయితే ఎదుటివారికి ఉన్నది మనకూ కావాలని కోరుకోవడమే అసూయ కాదు. సవతి పెనిన్నాకు పిల్లలు ఉండగా, పిల్లలు లేని హన్నా ఏడ్చింది, దేవుణ్ణి అడిగింది, అంతే; రాహేలు మాత్రం అక్క మీద అసూయపడి భర్త యాకోబును నిలదీసింది. ఇద్దరి లోటు ఒక్కటే.

పేరు వ్రాసిన తరువాత, ఆ పేరుతోనే, ఆ కారణంతోనే దేవుని యెదుట ఒప్పుకోవాలి. దీనికి ఐదు నిమిషాలు చాలు. పొడుగు ప్రార్థన అవసరం లేదు.

ఇక్కడి నుండే జాగ్రత్త అవసరం. ఒప్పుకోగానే మనస్సు తేలికపడి, ఆ ఊపులో చాలామంది నేరుగా ఆ వ్యక్తి ఇంటికి వెళ్లి, ‘అక్కా, ఇన్నాళ్లూ నిన్ను చూసి కుళ్లుకున్నాను, క్షమించు’ అని చేతులు పట్టుకొని ఏడుస్తారు. దయచేసి ఇది చేయకూడదు. ఏమీ తెలియక హాయిగా ఉన్న ఆ సహోదరి, ఆ రోజు నుండి మీ ముందు తన బిడ్డ మార్కుల గురించి మాట్లాడడానికి జంకుతుంది, కొత్త చీర కట్టుకొని మీ పక్కన కూర్చోవడానికి వెనుకాడుతుంది, ఇంతకు మునుపు మీరు అన్న ప్రతి మాటనూ తిరగవేసి అర్థాలు వెదుకుతుంది. మీ నెత్తి మీది మూటను దించి ఆమె నెత్తిన పెట్టి, దానికి సాక్ష్యమని పేరు పెట్టుకున్నట్టు అవుతుంది.

దీనికి మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలను చూపించి నాతో వాదించేవారు ఉన్నారు. ఆ వచనాన్ని నిదానంగా చదవాలి. నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనను ఉన్నదని జ్ఞాపకం వస్తే వెళ్లి సమాధానపడుమని ప్రభువు చెప్పాడు. నీకు అతని మీద ఉన్న, అతనికి తెలియని కడుపుమంట సంగతి అక్కడ లేదు. కాబట్టి మీ అసూయ నోరు దాటిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఆమె ఇల్లు లంచం సొమ్ముతో కట్టారని మీరు ఎక్కడైనా అని ఉంటే తప్పక వెళ్లాలి. అయితే ‘నీ గురించి ఈ మాట అన్నాను, అది తప్పు’ అని, చేసిన పనికి మాత్రమే క్షమాపణ అడగాలి, ఆ మాట ఎవరెవరి దగ్గర అన్నారో వారందరి దగ్గరకూ వెళ్లి వెనక్కి తీసుకోవాలి. ఈ రెండో పని కష్టం కనుకనే జనం మొదటిదానితో సరిపెట్టుకుంటారు. నోరు దాటకపోతే వెళ్లకూడదు. మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడని కొత్త నిబంధనలోని యాకోబు పత్రికలో ఉన్న మాటకు లోబడాలనుకునేవారు, రహస్యం దాచగల ఒక పెద్దతో, ఎదుటివారి పేరు చెప్పకుండా ఒప్పుకోవచ్చు. కూడికలో అందరి యెదుట మాత్రం వద్దు, ఎందుకంటే ఆ పేరు ఎవరిదో ఇంటికి చేరేలోపు అందరూ ఊహించేస్తారు.

కొందరు బోధకులు దీనికి సులువైన మందు చెబుతారు: మీకంటే తక్కువ ఉన్నవారిని చూసి తృప్తి పడండి అని. ఇది నాకు అసలు నచ్చదు. దేవాలయంలో సుంకరిని, అంటే పన్ను వసూలు చేసేవాణ్ణి చూపించి తాను అతనివంటివాణ్ణి కానందుకు స్తుతించిన పరిసయ్యుడు చేసిన పని కూడా అదే. పైకి చూసి ఏడ్చే కన్నే కిందికి చూసి సంతోషిస్తుంది. కొలబద్ద పోలేదు, తిరగబడిందంతే. తోటి శిష్యుడైన యోహాను సంగతి అడిగిన పేతురుకు ‘అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము’ అని ప్రభువు ఇచ్చిన జవాబులో ఎక్కువ తక్కువల లెక్క లేదు.

చివరగా, ఆ వ్యక్తి కోసం ప్రార్థించాలి, అది కూడా మిమ్మల్ని బాధించిన మేలు గురించే. వీసా వచ్చిన అబ్బాయి ప్రయాణం క్షేమంగా సాగాలని, అక్కడ మంచి సంఘం దొరకాలని అడగాలి. మొదట మాటలు గొంతులో ఇరుక్కుంటాయి; ఇరుక్కున్నా అడగాలి. వారి ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడితే వెళ్లాలి, భోజనం చేసే రావాలి, వంట ఎలా ఉన్నదో దారిలో ఎవరితోనూ చర్చించకూడదు. పేరు వ్రాసిన కాగితాన్ని బైబిలులో పెట్టుకోకుండా ఆ రాత్రే చింపి పారవేయాలి, ఎందుకంటే బైబిళ్లు కూడికలలో చేతులు మారుతూ ఉంటాయి.